ముడి ఎక్కడ జారింది?

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద గిజిగాళ్ల బడి ఒకటి ఉండేది. పిల్లపిట్టలకు గూడు అల్లడం నేర్పే మాస్టారి పేరు పసుపన్న. ముక్కు తిరిగిన పనివాడు.

పిల్లలు గూడు అల్లగానే ఆయన కొమ్మను పట్టి గట్టిగా ఊపేవాడు. గూడు నిలిస్తే "శభాష్!" అనేవాడు. పడితే "మళ్లీ అల్లు" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

ఆ ఏడు చిటికెన, మెంతిక, తుర్రుబాబు అని ముగ్గురు కొత్తగా చేరారు. మొదటిసారి ఊపితే మూడు గూళ్లూ వాగొడ్డున పడ్డాయి. మళ్లీ అల్లారు. మళ్లీ పడ్డాయి. మూడోసారీ అంతే.

"నాకు గూడు అల్లడం రాదు మాస్టారూ! నేను వెళ్లిపోతాను" అన్నాడు తుర్రుబాబు, ముఖం ముడుచుకుని.

పసుపన్న ఆకాశం వైపు చూశాడు. పడమట మబ్బులు కమ్ముతున్నాయి. పది రోజుల్లో వానగాలి వస్తుంది. గూడు లేని పిట్టకు దిక్కెవరు?

'ఊపి చూస్తున్నాను సరే, చూసి ఏం చేస్తున్నాను?' అనుకున్నాడు. పిల్లలను పడిన గూళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"తిట్టనర్రా. ఎవరి గూడు వాళ్లు చూసుకుని, ఎక్కడ ఊడిందో చెప్పండి" అన్నాడు.

"నేను ఎండుగడ్డి తెచ్చాను మాస్టారూ, విరిగిపోయింది. కొమ్మ దగ్గర ముడి కూడా జారింది" అంది చిటికెన.

"నేను తొందరపడి వదులుగా అల్లాను. ముడి నాదీ జారింది" అంది మెంతిక.

తుర్రుబాబు తన గూటిని తిప్పి తిప్పి చూశాడు. "అరే, నా అల్లిక బాగానే ఉంది! ముడి ఒక్కటే జారింది" అన్నాడు.

పసుపన్న ఉలిక్కిపడ్డాడు. ఆ ముడిని తాను రెప్పపాటులో వేసేస్తాడు. పిల్లల కంటికి అది ఆనితే కదా!

"ఆ తప్పు నాదర్రా. మీకు సరిగా చూపించలేదు" అన్నాడు.

మర్నాడు ఆ ముడిని ఒక్కో చుట్టు దగ్గరా ఆగి ఆగి చూపించాడు. చిటికెన పచ్చిగడ్డి తెచ్చింది. మెంతిక నిదానంగా అల్లింది. తుర్రుబాబు మధ్యలో, "ఆగండి మాస్టారూ, ఈ చుట్టు అర్థం కాలేదు" అని ధైర్యంగా అడిగాడు. పసుపన్న సంతోషంగా మళ్లీ చూపించాడు.

వానగాలి రానే వచ్చింది. కొమ్మలు విరిగిపోయేంతగా ఊగాయి. మూడు గూళ్లలో ఒక్కటీ పడలేదు. లోపల తుర్రుబాబు వెచ్చగా కూర్చుని ఈల వేస్తున్నాడు.

నీతి: తప్పు ఎక్కడ జరిగిందో నేర్చుకునేవారూ నేర్పేవారూ కలిసి చూసుకుని దిద్దుకుంటేనే పరీక్షకు ఫలితం.