భుజంగరావు చెవీ, అమెరికా డాలరూ

రాయవెల్లి రాజావారికి ఏ పిచ్చి పట్టినా పూనకంలా పడుతుంది. నిరుడు పందెంకోళ్లు. ఈ యేడు అమెరికా పాత నాణేలు.

పిచ్చి రాజావారిది, పంట పండింది భుజంగరావుకి. కొలువులో నాణేలకు వెల కట్టే పెద్దమనిషి ఆయనే. నాణెం చేతికిస్తే నేలమీద మోగిస్తాడు, కళ్లు మూసుకుంటాడు, "ఆహా!" అంటాడు. ఆ ఆహాకే వంద రూపాయలు! ఓడ మొహం చూసి ఎరగని ఈ మహానుభావుడికి అమెరికా సంగతులన్నీ కొట్టినపిండి మరి. కొలువులో మాటకారి జోగిరాజుకి ఆ ఆహాలు వినీ వినీ ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు కోరంగి నుంచి మస్తాను అనే ముసలి కళాసీ వచ్చి దండం పెట్టాడు.

"దొరా, ఓడల్లో పనిచేసినప్పుడు సంపాదించిన డాలరు ఇది. మొన్నటి తుపానుకి నా పడవ పోయింది. దీనికి మంచి వెల వస్తే మళ్లీ పడవ కట్టించుకుంటా. లేకపోతే ఇంటిల్లిపాదీ పస్తే!"

ఒకవైపు ఆడమనిషి తల, రెండోవైపు డేగ. నెల కిందట భుజంగరావు ఐదొందలకి రాజావారికి అంటగట్టిన డాలరూ అచ్చం ఇలాంటిదే. మీదున్న సంవత్సరమూ అదే.

భుజంగరావు మోగించి మూతి తిప్పాడు. "ఛీ, నకిలీ! చిల్లుకుండ మోత. పోనీ పాపం, ఒక రూపాయి పారేసి నేనే తీసుకుంటాలే."

మస్తాను మొహం వాడిపోయింది. జోగిరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇవాళ రూపాయికి కొని, రేపు ఇదే డాలరు ఐదొందలకి రాజావారికి అమ్ముతాడు, దగుల్బాజీ! కోపం దిగమింగుకుని చేతులు కట్టుకున్నాడు.

"మరి ప్రభువులవారి డాలరో, అయ్యా?"

"అదా! వీణ! నిద్రలో లేపి మోగించినా చెప్పేస్తాను."

జోగిరాజు రాజావారి అనుమతి అడిగి రెండు డాలర్లూ ఉత్తరీయంలో వేశాడు. గలగలా కుదిపి పళ్లెంలో పెట్టాడు. సుత్తితో సహా కంసాలిని పిలిపించాడు.

"నకిలీది చూపించండి. ఇక్కడే నలగ్గొట్టిద్దాం. పొరపాటున అసలుది నలిగిందో, ఐదొందలూ మీరు కక్కాలి. ప్రభువుల కోపం దానిమీద కొసరు."

భుజంగరావు మోగించాడు. ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. కళ్లు మూసినా అంతే, తెరిచినా అంతే. ఎడమదాని మీద వేలుపెట్టి ఓరగా చూశాడు. జోగిరాజు నవ్వుతున్నాడు. గతుక్కుమని కుడిదాని మీద పెట్టాడు. జోగిరాజు ఇంకా నవ్వుతున్నాడు! కంసాలి సుత్తి ఎత్తాడు.

"ఆగరా! రెండూ... రెండూ అసలువే!"

"ఇందాకటి చిల్లుకుండ ఏమైందయ్యా?" రాజావారు గర్జించారు.

"చిత్తం... జలుబు చేసి చెవి కాస్త..."

"నీ జలుబు తగలెయ్య! నా డాలరుకి ఐదొందలు కట్టావు కదా, మస్తాను డాలరుకీ అంతే. ఇప్పుడే, నీ సొంత సొమ్ములోంచి ఇవ్వు!"

భుజంగరావు ఏడుపు మొహంతో ఇచ్చాడు. మస్తాను కళ్లనీళ్లు తుడుచుకుంటూ అందరికీ దండాలు పెట్టాడు.

రాజావారు పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. "ఇంతకీ ఇందులో నాదేదోయ్, జోగిరాజూ?"

"నాకేం తెలుసు ప్రభూ! భుజంగరావుగారు చెబుతారనేగా అంతసేపూ చూస్తూ నిలబడ్డాను!"

కొలువంతా ఘొల్లుమంది. రాజావారు పొట్ట పట్టుకుని నవ్వుతూనే తన భుజాన ఉన్న శాలువా తీసి జోగిరాజుకి కప్పారు.