భోషాణంలో తవిటమ్మ కాలు

బొద్దానవారింట్లో తెలివికి కరువు లేదని ఊళ్ళో ఎవరూ అనలేదు. వాళ్ళే అనుకునేవారు. అన్న పోలినాయుడు అరుగు మీద కూర్చుని, చెప్పింది చెప్పినట్టు, గింజ ఎక్కువ కాకుండా గింజ తక్కువ కాకుండా చేసే ఇల్లు మాదొక్కటేననేవాడు. తమ్ముడు సన్నినాయుడు తల ఊపేవాడు. అన్న ఊపమన్నాడు గనక ఊపేవాడు. ఆపమనడం అన్న మరిచిపోయిన రోజున పొద్దుగూకేదాకా ఊపుతూనే ఉండేవాడు.

వీళ్ళ తల్లి తవిటమ్మ. వారం వారం సంతకు నడిచి వెళ్ళి చింతపండు అమ్ముకొచ్చేది ఆవిడే. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆవిడ కాళ్ళ చలవే. ఆవిడకు కొడుకుల తెలివి మీద గొప్ప గురి. వాళ్ళకా తెలివి ఎవరి పోలికో నేను వేరే చెప్పక్కర్లేదు.

పోతూ పోతూ వాళ్ళ తాత రెండు మాటలు చెప్పి పోయాడు. గడప తొక్కకూడదు, దాటి లోపలికి రావాలి. వెండి వస్తువు పొద్దుగూకాక బయట ఉండకూడదు, భోషాణంలో ఉండాలి. గడపలో ఒక మేకు తలెత్తి ఉంది. దాన్ని తియ్యమని చెప్పేలోగా ఆయన ప్రాణం పోయింది. అంతే, మేకు అలాగే ఉండిపోయింది.

ఒకనాడు తవిటమ్మ చింతపండు గంప ఎత్తుకుని గడప దాటుతుంటే ఆ మేకు మడమలో దిగింది. పసుపు అద్దుకుని వారం తిరిగింది. ఇంకేముంది, పాదం గుమ్మడికాయంత అయింది, చీము పట్టింది.

బండి కట్టి పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు సూది వేసి మాత్రలిచ్చారు. గాయం కడిగి కట్టు కట్టింది నర్సు మేరీరత్నం. ఓపిక గల మనిషి. ఈ మెత్తటి పట్టీ గాయంలోని తడినీ చీమునూ పీల్చుకుంటుందనీ, ఇందులో వెండి ఉంది గనక అది క్రిములను చంపుతుందనీ, పట్టీ నిండా తడిస్తే మార్చాలనీ విడమరిచి చెప్పింది. నాలుగు పట్టీలు చేతిలో పెట్టింది.

వెండి క్రిములను చంపుతుందన్నది నిజమే. విజయనగరంలో చదివే రోజుల్లో మా కెమిస్ట్రీ మేష్టారు ఒక పూటంతా అదే చెప్పారు. ఆ పూట నేను వెనక బెంచీలో జంతికలు తింటున్నాను, అందుకని ఎలా చంపుతుందో మాత్రం నన్నడగకండి.

ఆఖరున మేరీరత్నం చీలమండ పైన పెన్నుతో గీత గీసింది.

"ఎరుపు ఇప్పుడు ఇక్కడిదాకా ఉంది. గీత దాటితే ఇంకేం ఆలోచించకండి, బండెక్కించి తెచ్చెయ్యండి. ఆలస్యమైతే మామ్మగారికి కాలు దక్కదు."

అన్నదమ్ములు దారి పొడుగునా వల్లె వేశారు. గీత దాటితే బండెక్కించాలి, గీత దాటితే బండెక్కించాలి. ఎద్దులకు కూడా వచ్చేసి ఉంటుంది.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. పోలినాయుడు వేళ్ళ మీద లెక్క వేశాడు. పట్టీలో వెండి, పట్టీ అమ్మ కాలికి, కాలు బయట. తాత మాట ఏం కావాలి? అంతే, భోషాణాన్ని మంచం పక్కకు జరిపారు, అమ్మ కాలు అందులో పెట్టారు. మూత వెయ్యడం కుదరలేదు గనక సన్నినాయుడు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. భోషాణంలో ఉన్న నాలుగు వెండి గిన్నెలకు కూడా ఇంత మర్యాద జరగలేదు కదా అని తవిటమ్మ మురిసిపోయింది.

మర్నాడు అంబలి కుండ కారింది. తడి పీల్చే పట్టీలు ఇంట్లో పెట్టుకుని కారనివ్వడమేమిటని సన్నినాయుడు ఒకటి కుండకు అంటించాడు. కుండ ఆగింది. ఇంకేముంది, చూరు కింద ఒకటి, దూడ ముక్కుకు ఒకటి, ఉల్లిపాయలు తరుగుతూ కన్నీళ్ళు కారుస్తున్న పెళ్ళాం కళ్ళకు అడ్డంగా ఒకటి. ఆవిడ ఉల్లిపాయ వదిలి వేలు తరుక్కుంది. ఆ వేలికి కట్టడానికి పట్టీ మిగల్లేదు. వీటిలోనూ వెండి ఉందని అన్న చెప్పలేదు గనక పొద్దుగూకినా అవి ఎక్కడివక్కడే ఉన్నాయి.

మూడోనాటికి అమ్మ పట్టీ తడిసి ముద్దయింది. మార్చమంది. సన్నినాయుడు కుండ మీద పట్టీ ఊడదీసి, అది పీల్చిన అంబలిని పిండేసి, చూరుకు ఆరేశాడు. పీల్చింది పిండేస్తే మళ్ళీ పీల్చదా అని వాడి లెక్క. తవిటమ్మ ముక్కు మూసుకుని, ఈ అంబలి వాసన కాలికి వద్దురా నాయనా అంది. ఆ ఇంట్లో ఆ వారానికి అదొక్కటే మంచి మాట.

వాదించుకుంటూనే పొద్దుగూకింది, కాలు భోషాణంలోకి పోయింది. పోలినాయుడు దీపం పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. ఎరుపు గీత దాటి ఉంది.

ఇప్పుడు బండెక్కించాలి, కాలు మాత్రం బయటికి తియ్యకూడదు. అందుకని భోషాణంతో సహా ఎక్కించారు. ఆసుపత్రి గుమ్మంలో మేరీరత్నం చూసేసరికి ముందు భోషాణం, అందులో కాలు, కాలి వెనక తవిటమ్మ.

మేరీరత్నం అరవలేదు. కాలు భోషాణంలోంచి బయటికి తీసి, కడిగి, కొత్త పట్టీ కట్టింది. ఇంకో పూట ఆగి ఉంటే పాదం తియ్యాల్సి వచ్చేదని డాక్టరుగారు అన్నారు. పన్నెండు రోజులు అక్కడే ఉంచుకున్నారు. గాయం పూడి, కొత్త చర్మం వచ్చింది.

ఇంటికి పంపే ముందురోజు మేరీరత్నం ఆ మేకు తీశారా అని అడిగింది. ఎవరూ తియ్యమనలేదన్నాడు పోలినాయుడు. క్రిములన్నీ ఆ తుప్పు మేకువే కదయ్యా, ముందు దాని సంగతి చూడండి అంది. మడమ చర్మం ఇంకా లేతగా ఉందని ఒక పట్టీ కూడా ఇచ్చింది.

అన్నదమ్ములు ఇంటికొచ్చి మేకు సంగతి చూశారు. క్రిములు దానివైతే పట్టీ కూడా దానికే. మేకుకు శుభ్రంగా కట్టు కట్టారు. పొద్దుగూకింది. మేకు మీద వెండి! మేకు లాగితే రాదు. అంతే, గునపం తెచ్చి గడప మొత్తం పెకిలించి భోషాణంలో పెట్టారు.

మర్నాడు తవిటమ్మ బండి దిగి, తన కాళ్ళ మీద తాను గుమ్మం దాకా నడిచింది. గడప లేదు. గడప దాటకుండా ఇంట్లోకి ఎలా వస్తారు? కొడుకులిద్దరూ చెరో పక్కా నిలబడి ఆలోచించారు. ఆఖరికి తెలివి తవిటమ్మకే తట్టింది.

"గడప ఉన్న చోట సుద్దముక్కతో గీత గియ్యండిరా. దాన్నే దాటుతాను."

సన్నినాయుడు గీశాడు. తవిటమ్మ దేవుణ్ణి తలుచుకుని కుడికాలు ఎత్తి లోపల పెట్టింది, ఆ వెనకే ఎడమకాలు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెరో రెక్కా పట్టుకుని తల్లిని బండెక్కించారు.

ఆసుపత్రి గుమ్మంలో మేరీరత్నం చేతిలో పళ్ళెం జారింది.

"మళ్ళీ ఎరుపు గీత దాటిందా?"

"ఎరుపు కాదు సిస్టరమ్మా," అన్నాడు పోలినాయుడు వగరుస్తూ. "ఈసారి మొత్తం అమ్మే దాటింది."