చెడిపోని ఫ్రీవీలు

దుప్పటి కప్పుకున్నావా బంగారూ? అయితే ఊఁ కొట్టడం నీ వంతు, కథ చెప్పడం నా వంతు. విను మరి.

అనగనగా ఒక ఊళ్ళో మంగతాయారు అనే అమ్మాయి ఉండేది. మోదుగాకులతో విస్తర్లు కుట్టేది. వాటిని కట్టలు కట్టి, సైకిలు క్యారేజీకి బిగించి, పట్నంలోని భోజన హోటళ్ళకూ పెళ్ళిళ్ళకూ వేసి వచ్చేది. ఆ సైకిలు కదిలితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఊరికీ పట్నానికీ నడుమ ఒక కాలువ ఉండేది. కాలువ మీది వంతెన పక్కనే మస్తానయ్య సైకిలు షాపు. షాపంటే ఎంతని? నాలుగు తాటాకులు, ఒక గాలి పంపు, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి. అంతే. మంగతాయారు సైకిలును పాత సామాన్లు ఒక్కొక్కటే ఏరి కూర్చి తయారుచేసింది ఆయనే. అందుకని ఆమె ఎప్పుడు వచ్చినా వెనక చక్రాన్ని గిర్రున తిప్పి, చెవి ఒగ్గి వినేవాడు. "బాగానే మాట్లాడుతోంది, ఇక పో," అనేవాడు.

ఒక ఏడు, సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లో, ఆ సైకిలు ఫ్రీవీలు పాడైపోయింది. ఫ్రీవీలంటే వెనక చక్రం నడుమ ఛైను తగులుకునే పళ్ళ బిళ్ళ. అది పాడైతే పెడలు తిరుగుతుంది గాని చక్రం కదలదు.

అప్పుడు మస్తానయ్య, "నా దగ్గరున్నది నాసిరకం అమ్మాయ్, నీ బండికి వేయను. శుక్రవారం వెళ్ళి మంచిది తెస్తాను. అందాకా ఆగు," అన్నాడు.

"శుక్రవారం దాకానా తాతా? విస్తర్లు అందకపోతే పెళ్ళివాళ్ళు నా వీపు మీద వడ్డిస్తారు."

"వడ్డిస్తే నన్నూ భోజనానికి పిలువు. ఆగుతావా, ఆగవా?"

"ఆగుతాను," అని మాట ఇచ్చింది మంగతాయారు.

ఇచ్చింది గాని ఆగలేకపోయింది. మర్నాడు మస్తానయ్య షాపు తీయకముందే వంతెన దాటి, సైకిలును నడిపించుకుంటూ పట్నం చేరింది.

మొదట అద్దాల తలుపుల షాపుకు వెళ్ళింది. అక్కడి కుర్రవాడు సైకిలు చుట్టూ ప్రదక్షిణం చేసి, "దీని సామాను గురించి మా తాతను అడగాలండీ. ఆయన పోయి పదేళ్ళయింది," అన్నాడు.

ఆ తర్వాత బజారు వీధిలోని షాపుకు వెళ్ళింది. ఆ షాపాయన, "ఫ్రీవీలు ఒక్కటే మారిస్తే ఛైను ఒప్పుకోదమ్మా. ఛైను మారిస్తే పెడల్ చక్రం ఒప్పుకోదు. అన్నీ మార్చాల్సిందే," అన్నాడు. "ఇంకాసేపుంటే నన్ను కూడా మార్చమనేట్టున్నావే అన్నా," అని మంగతాయారు వచ్చేసింది.

ఆ తర్వాత బస్టాండు వెనక, గోతాం పరిచి సైకిలు సామాన్లు రాసులుగా పోసుకున్న మనిషి దగ్గర ఆగింది. ఫ్రీవీలు ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇది కొత్తదా, పాతదా?" అని అడిగింది.

"తిరుగుద్దా, తిరగదా అని అడుగు తల్లీ. కొత్తా పాతా నీకెందుకు?" అన్నాడతను.

అది చాలా చవక. అతనే అక్కడికక్కడే బిగించి ఇచ్చాడు. చక్రం చక్కగా తిరిగింది. మంగతాయారు సంతోషంగా సైకిలెక్కింది. వంతెన కనబడేదాకా ఆ సంతోషం ఉంది.

వంతెన కనబడగానే కాలు నేల మీద ఆన్చింది. తాత చక్రం తిప్పుతాడు. చెవి ఒగ్గుతాడు. తన చేత్తో పెట్టనిది ఆయన చెవికి దొరక్కుండా ఉంటుందా? ఆగుతానని చెప్పి ఒక్కరోజైనా ఆగలేదని తెలిసిపోదూ?

అందుకని ఆమె సైకిలు దిగి, కాలువ గట్టు ఎక్కింది. గట్టు వెంట మైలు దూరం నడిస్తే నీళ్ళను ఆపే లాకుల మీదుగా కాలువ దాటవచ్చు. ఇదొక్కరోజే కదా, రేపు చెప్పేస్తాను అనుకుంది.

శనివారం చెప్పేయాలనే బయలుదేరింది. వంతెన దాకా వచ్చేసరికి, మస్తానయ్య తన కోసం తెచ్చిన ఫ్రీవీలును ఇప్పుడు ఏ ముఖంతో వద్దనాలో తోచలేదు. గట్టు ఎక్కేసింది.

ఆ తర్వాత ఇంకో ఉపాయం ఆలోచించింది. చవక సరుకు ఎన్నాళ్ళుంటుంది? అది విరిగిన రోజున తాత దగ్గరికి వెళ్ళి, 'బుద్ధి వచ్చింది తాతా' అంటే నాలుగు తిట్టి బాగుచేస్తాడు. ఆ తిట్ల కోసం ఆమె ఎదురుచూసింది. చెవి ఒగ్గి రోజూ చక్రం చప్పుడు వింది. కానీ ఆ ఫ్రీవీలు నెల గడిచినా చెడలేదు, ఆరు నెలలు గడిచినా చెడలేదు. ఎవరైనా తమ బండి పాడవ్వాలని కోరుకుంటారా బంగారూ? మంగతాయారు కోరుకుంది.

వానలు పడ్డాయి. గట్టంతా జిగురుమట్టి అయింది. ఒక పొద్దున ఆమె విస్తర్ల కట్టలతో సహా జారి పడింది. అవతల ఒడ్డున మస్తానయ్య షాపు కనబడుతూనే ఉంది. అటు వెళ్తే కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తారు, కూర్చోమంటారు. తెలుసు. తెలిసీ అటు తిరగకుండా, మట్టి అంటిన విస్తర్లను కాలువలో పారేసి ముందుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత అటు చూడకుండా నడవడమే అలవాటైపోయింది.

అలా ఏడాది తిరిగింది. మళ్ళీ పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయి. ఒకనాడు మంగతాయారు, 'ఇది చెడదు. ఇక వంక లేకుండానే వెళ్ళాలి,' అనుకుని నేరుగా వంతెన మీదికి వచ్చింది.

షాపులో పంపు దగ్గర మస్తానయ్య కూతురు ఖాసింబీ ఒక్కతే కూర్చుని ఉంది. "నాన్న పోయాడక్కా. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కూడా అయిపోయింది," అంది.

మంగతాయారు సైకిలును పక్కకు ఆనించి నేల మీదే కూర్చుంది. మనసులో ఉన్నదంతా ఖాసింబీకి చెప్పేసింది. ఎందుకు ఆగలేకపోయిందో, ఎక్కడ కొన్నదో, గట్టు ఎందుకు ఎక్కిందో, దేనికోసం ఎదురుచూసిందో.

అప్పుడు ఖాసింబీ అంది: "నాన్నకు తెలుసక్కా. ఆ శనివారం నువ్వు గట్టు మీద సైకిలు నడిపించుకుంటూ పోతుంటే విన్నాడు. 'చప్పుడు మారింది. పిల్లకు మంచిదే దొరికింది' అన్నాడు. నీ కోసం తెచ్చినదాన్ని సాయంత్రానికల్లా పోస్టుమాన్ బండికి బిగించేశాడు."

"కోపం రాలేదూ?"

"కోపమెందుకు? నవ్వాడు."

"మరి ఒక్కసారైనా పిలవలేదేం?"

"పిలుస్తానంటే నాన్న వద్దన్నాడు. 'పిలిస్తే సిగ్గుతో చచ్చిపోతుంది, దానంతట అదే రానీ' అన్నాడు. నువ్వు జారిపడ్డ రోజు నేను లేచాను. చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. తను మాత్రం నిలబడి, నువ్వు లాకులు దాటేదాకా చూశాడు."

'ఆగలేకపోయాను తాతా' అనే ఆ చిన్న మాట చెప్పడానికి అర నిమిషం పట్టేది. దాన్ని మంగతాయారు ఏడాదిపాటు గట్టు మీద మోసింది. ఇప్పుడు దించుకుందామంటే అందుకునే చేతులు లేవు.

ఆ తర్వాత ఆమె ఎన్నడూ గట్టు ఎక్కలేదు. వంతెన మీదుగానే వెళ్ళేది, ప్రతిసారీ షాపు ముందు దిగేది.

చక్రం తిరిగి ఆగింది,
కథ కంచికి సాగింది;
కునుకు రెప్పను తాకింది,
మనకు ఇల్లే మిగిలింది.

'నాన్న వద్దన్నా నేనైనా ఒక్క కేక వేసి ఉండవలసింది' అని తలపండేదాకా బాధపడిన మనిషి ఒకావిడ ఉండేది. ఈ కథ నాకు మొదట చెప్పింది ఆవిడే, ఆ ఖాసింబీ.