నాలిక చేపలో నక్క వాటా

ఏరు సముద్రంలో కలిసే చోట ఒక పొడవాటి ఇసుక దిబ్బ ఉంది. దిబ్బకి ఒక పక్క సముద్రం ఘోషపెడుతుంటే, రెండో పక్క మోకాటి లోతు నీళ్ళతో మొగ, అంటే ఏటి నోరు, నిదానంగా ఉంటుంది. మొగ వెనక మడ అడవి. పడవ తిరగడానికి నీరు చాలదు కాబట్టి మనుషులు అటు రారు. అక్కడి వేటంతా కొక్కిరాయిలదీ, కొంగలదీ, పీతలదీను.

ఎండలు ముదిరాయంటే ఆ మొగలోకి నాలిక చేపలు వస్తాయి. నాలిక చేపంటే నిజంగా నాలికలాగే ఉంటుంది. బల్లపరుపుగా, సన్నగా, రెండు కళ్ళూ ఒకే పక్కన. వెచ్చటి నీళ్ళ అడుగున ఇసుక కప్పుకుని పడుకుంటుంది. పైకి కనిపించేవి ఆవగింజల్లాంటి ఆ రెండు కళ్ళే. ఒంటి రంగూ ఇసుక రంగూ ఒకటే. దాని మీద నుంచి నడిచిపోయినా తెలియదు.

ఆదెమ్మకి మాత్రం తెలుస్తుంది. ఆదెమ్మ తెల్ల కొంగ. నల్లటి కాళ్ళు, పసుపు రాసుకున్నట్టుండే పాదాలు. నీళ్ళలో నిలబడి ఒక పాదాన్ని ఇసుక మీద గజగజా ఆడిస్తుంది. ఇసుక కింద ఉన్న చేప ఉలిక్కిపడి కదులుతుంది. అంతే, ముక్కు కిందికి దిగిందంటే ఖాళీగా పైకి రాదు.

వేట బాగానే ఉంది. తిండే మిగలడం లేదు. దానికి కారణం నక్క బుల్లబ్బాయి.

బుల్లబ్బాయి రోజూ ఆటు సమయానికి, అంటే నీరు వెనక్కి తీసే వేళకి, దిబ్బ మీద సరుగుడు నీడలో వచ్చి కూర్చునేవాడు. అక్కడ చేప పట్టిన ఎవరైనా సరే, పట్టినవాటిల్లో పెద్దది ఆయన ముందు పెట్టాలి. ఎందుకంటే, ఒకప్పుడు మత్స్యకారుల పల్లె నుంచి కుక్కల గుంపు ఇటొస్తే ఆయనే అరిచి తరిమాడట. అప్పటి నుంచీ మడ చెట్ల మీది గూళ్ళకి తనే కాపలానట. పెద్దది పెట్టకపోతే ఏమవుతుందో ఆయన ఎన్నడూ చెప్పలేదు. చేప అందుకుంటూ, "పిల్లలు బాగున్నారా అమ్మా? గూడు మరీ కిందగా కట్టినట్టున్నావే," అనేవాడు. నీరు తీశాక మడ చెట్ల మొదళ్ళ దాకా నడిచి వెళ్ళొచ్చని ఆయనకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

ఆ ఏడు ఎండలు మరీ మండిపోయాయి. నీళ్ళు కాగిపోయి చేపలు లోతుకి జారుకున్నాయి. ఉదయమంతా ఇసుక కెలికినా ఒకటో రెండో దొరికేవి. ఉన్నదాంట్లో పెద్దది నక్కకి పోతే, గూటికి పిసరంత చేరేది. ఆదెమ్మ చిన్నపిల్ల మెడ నిలబెట్టలేక గూటి పుల్లల మీద వాల్చేసింది. పెద్దపిల్ల అరుస్తూనే ఉంది కానీ, అరుపులో పస లేదు.

ఆ రోజు ఆదెమ్మకి ఒక్కటే దొరికింది. మంచి పొడవున్న నాలిక చేప. ముక్కున పట్టుకుని తల ఎత్తేసరికి దిబ్బ మీద బుల్లబ్బాయి లేచి నిలబడి ఉన్నాడు.

"భేష్ ఆదెమ్మా! నీ పాదంలోనే ఉంది అదృష్టం. ఇలా తీసుకురా."

ఆదెమ్మ కదల్లేదు. అందరి వేటా ఆగిపోయింది. ఆమె చేపని గాల్లోకి ఎగరేసి, తల వైపు నుంచి అందుకుని, గుటుక్కున మింగేసింది.



"అది నాది కదమ్మా," అన్నాడు బుల్లబ్బాయి, తేనె పూసినట్టు.

"పట్టింది నేను. ఆకలితో ఉన్నది నా పిల్లలు. మీదెలా అయింది బుల్లబ్బాయి గారూ?"

"కాపలా కాస్తున్నాను."

"దేన్నించి?"

"కుక్కలొస్తే?"

"కుక్కలొచ్చిన రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. జడివాన పట్టింది, కుక్కలు తోకలు ముడుచుకుని పల్లెకి పోయాయి. మీరు సరుగుళ్ళ వెనక బొరియలో ఉన్నారు. వాన వెలిశాక బయటికొచ్చి అరిచారు."

ఎవరో ఒక చిన్న కొంగ కిసుక్కుమంది. వెంటనే ముక్కు నీళ్ళలో పెట్టేసుకుంది.

బుల్లబ్బాయి కోప్పడలేదు. కోప్పడటం ఆయన పద్ధతి కాదు. గొంతు పెంచి, ఆదెమ్మతో కాకుండా మిగిలిన అందరితో అన్నాడు. "వినండమ్మా. మన కట్టుబాటు చెడింది. రేపు ఆటు వేళకి ఆదెమ్మ ఈ మొగలో కనీవినీ ఎరగనంత పెద్ద నాలిక చేప తెచ్చి నా ముందు పెట్టాలి. పెట్టకపోతే నేను కాపలా మానేస్తాను. ఆమె గూటికి ఒక్కదానికే కాదు, అన్నింటికీ. ఆ తర్వాత ఏం జరిగినా నన్ననకండి."

అని, తోక ఆడించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆదెమ్మ గూటికి వెళ్ళి మింగిన చేపని కక్కి పిల్లల నోట్లో పెట్టింది. చిన్నపిల్ల మెడ ఎత్తి తిన్నది. ఆ పిల్ల గొంతులోంచి ముద్ద దిగడం చూస్తుంటే, తను చేసిన పనికి చింతించాల్సిందేమీ లేదనిపించింది ఆమెకి.

కింద కొమ్మ మీద అప్పటికే అందరూ చేరారు. ముందు నిలబడింది వీర్రాజు. ఆయన నారాయణ పక్షి, బూడిద రంగు రెక్కలు, పొడుగాటి మెడ. ఆ మడ అడవికి పెద్ద తలకాయ.

"ఎంత పని చేశావమ్మాయ్! ఒక్క చేప ముఖాన కొడితే పోయేదానికి అందరి గూళ్ళ మీదకీ తెచ్చావు."

"ఒక్క చేపా బాబాయ్? నిన్నటిది? మొన్నటిది? నీ గూట్లో మూడో గుడ్డు పిల్ల ఏమైంది?"

వీర్రాజు మెడ ముడుచుకున్నాడు. ఆ పిల్ల తిండి చాలక పోయింది. ఆ మాట ఆయన ఎదురుగా ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"బలవంతుడితో సర్దుకుపోవాలమ్మా," అన్నాడు మెల్లిగా.

"సర్దుకుని సర్దుకునే ఇక్కడికొచ్చాం. నేను ఆయనకి చేప తెచ్చివ్వను. రేపూ ఇవ్వను, ఎల్లుండీ ఇవ్వను."

కొందరు తిట్టుకుంటూ వెళ్ళారు. కొందరు తిట్టకుండా వెళ్ళారు. వాళ్ళ మొహాలు చూడటమే ఆమెకి ఎక్కువ కష్టమైంది.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే ఆదెమ్మ వేటకి దిగింది. నీరు వెనక్కి తీస్తోంది. దిబ్బ వారన ఒక గుంటలో నీళ్ళు నిలిచిపోయాయి. దాంట్లో దిగి పాదం ఆడించబోయి ఆగింది. ఇసుకలో రెండు కళ్ళు కనిపిస్తున్నాయి. కానీ మరీ ఎడంగా, మరీ పెద్దవిగా ఉన్నాయి. ఇసుక కింద చాట వెడల్పున ఏదో ఊపిరి తీస్తోంది. చాట వెనక కొరడాలాంటి తోక, తోక మొదట్లో రంపపు పళ్ళ ముల్లు.

"విషపు ముల్లున్న టేకు చేప," అనుకుంది.

"కాలు పెట్టకు," అంది టేకు చేప ఇసుకలోంచే, విసుగ్గా. "నీరు తీసేస్తే ఇక్కడ చిక్కుపడ్డాను. పోటు వచ్చాక నా దారిన నేను పోతాను. నేనెవరి జోలికీ పోను. నా మీద కాలేస్తే మాత్రం ఊరుకోను."

"వెయ్యను వదినా. పడుకో," అని ఆదెమ్మ వెనక్కి అడుగులేసింది.

ఇదంతా ఒడ్డున బొక్కలోంచి పీత సత్తెమ్మ చూసింది. నోటి నిండా నురగతో పరుగెత్తుకొచ్చింది. ఆదెమ్మకి ఆమె చిన్నప్పటి స్నేహితురాలు.

"వాడొచ్చే వేళయింది. ఏం చేస్తావే? ఆ గుంటలో పెద్ద నాలిక చేపుందని చెప్పవే! వెళ్ళి పడతాడు!"

"అబద్ధం చెబితే పసిగట్టేస్తాడు. అబద్ధాల్లో పుట్టి పెరిగాడాయన."

"మరి?"

"నిజమే చెబుతాను," అంది ఆదెమ్మ. "ఆయనకది అలవాటు లేదు."

బుల్లబ్బాయి వచ్చాడు. ఆయన వెనకే, భయం భయంగా, మడ అడవి అంతా వచ్చింది. ఆదెమ్మ ఆ గుంటకి అడ్డంగా నిలబడి ఉంది.

"ఏదమ్మా నా చేప?"

"తేలేదు."

"ఆ గుంటలో ఏముంది?"

"టేకు చేప ఉంది. మీరు దగ్గరికి రాకండి."

బుల్లబ్బాయి కళ్ళు చిన్నవయ్యాయి. మెడ చాచి చూశాడు. ఎండకి నీళ్ళు మిలమిలలాడుతున్నాయి. ఇసుకలో రెండు కళ్ళూ, వాటి చుట్టూ చాటంత పలచటి ఆకారమూ కనిపించాయి. ఆయన నాలిక ఒకసారి బయటికొచ్చి మూతి తడిపింది.

"టేకా! మరి అంత భయంకరమైన దాని పక్కన నువ్వెందుకు నిలబడ్డావు?"

"ఎవరైనా తెలియక కాలేస్తారని."

"ఎంత మంచిదానివి!" బుల్లబ్బాయి పగలబడి నవ్వాడు. అందరి వైపూ తిరిగాడు. "విన్నారా? నిన్న నా కళ్ళ ముందే నా చేప మింగింది. ఇవాళ ఈ మొగలోకెల్లా పెద్ద నాలిక చేపని దాచుకుని, నేను పోయాక తిందామని చూస్తోంది. నాకు చెబుతోంది కథలు!"

"కథ కాదు బుల్లబ్బాయి గారూ. దాని తోక మొదట్లో ముల్లుంది. విషం. గుచ్చుకుంటే కాలు పనికిరాదు."

"తప్పుకో."

"చెబుతున్నాను, వినండి. దాన్ని ముట్టుకోకండి."

"వీర్రాజూ, దీన్ని పక్కకి లాగు!"

వీర్రాజు కదల్లేదు. ఒకసారి ఆదెమ్మ వైపు చూశాడు, ఒకసారి గుంట వైపు చూశాడు. తన పొడుగాటి మెడ పూర్తిగా నిటారుగా ఎత్తి, "అమ్మాయి వద్దంటోంది కదండీ," అన్నాడు.

ఆ మాట బుల్లబ్బాయిని ముల్లుకంటే ముందే గుచ్చింది. ఒక్క గెంతులో ఆదెమ్మని తోసుకుని వెళ్ళి, రెండు ముందుకాళ్ళూ ఎత్తి ఆ పలచటి ఆకారం నడుమ దభీమని వేశాడు.

ఇసుక పేలినట్టయింది. నీళ్ళు మనిషెత్తు లేచాయి. కొరడా తోక ఒక్కసారి గిర్రున తిరిగింది. ఆ తర్వాత వచ్చిన అరుపు ఏటి అవతలి గట్టు దాకా వినిపించింది.

బుల్లబ్బాయి ఒడ్డు మీద పడి దొర్లుతున్నాడు. కుడి ముందుకాలు చూస్తుండగానే పొంగిపోతోంది. ముల్లు విరిగి పాదం మెత్తటి చోట దిగబడి ఉంది.

"అమ్మో! అబ్బా! ఎందుకు చెప్పలేదే దొంగముండా!"

"చెప్పాను కదా," అంది ఆదెమ్మ. "ఇంతమంది విన్నారు."

"విన్నాం," అంది సత్తెమ్మ.

"విన్నాం," అన్నారు చిన్న కొంగలు.

"నేను కూడా విన్నాను," అంది గుంటలోంచి టేకు చేప, మళ్ళీ ఇసుక కప్పుకుంటూ.

బుల్లబ్బాయి మూలుగుతూ సత్తెమ్మ పట్టకారుల్లాంటి కొండీల వైపు చూశాడు. "కొండీలున్నాయి కదమ్మా, కాస్త ఈ ముల్లు లాగు. నీ మేలు మర్చిపోను."

సత్తెమ్మ ఆదెమ్మ వైపు చూసింది. ఆదెమ్మకి వీర్రాజు మూడో పిల్ల గుర్తొచ్చింది. అయినా తల ఊపింది.

"లాగు సత్తెమ్మా. ముల్లుతో చచ్చి మన దిబ్బ మీద కుళ్ళడం దేనికి? నడిచి పోనీ."

సత్తెమ్మ లాగింది. నెమ్మదిగా లాగే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు. బుల్లబ్బాయి మళ్ళీ ఒకసారి ఏరు అవతలి దాకా వినిపించాడు. తర్వాత మూడు కాళ్ళ మీద లేచి, పళ్ళు కొరికాడు.

"కాలు మాననీ. మీ గూళ్ళన్నీ చూసుకుంటూ వస్తాను."

అంతకుముందయితే ఆ ఒక్క మాటకే మడ అడవి మూగబోయేది. ఇప్పుడు ఆదెమ్మ ముందుకొచ్చింది. ఆయన మూతికి ఆమె ముక్కు జానెడు దూరంలో ఉంది.

"రా బుల్లబ్బాయీ," అంది. గారూ లేదు, మీరూ లేదు. "రా. నీకు నేను భయపడ్డాననే కదా ఇన్నాళ్ళూ తిన్నావు? ఇప్పుడూ భయమే. ఒళ్ళంతా వణుకుతోంది చూడు. అయినా ఇక్కడి నుంచి కదలను. నా చేపలో ఒక్క ముల్లు కూడా నీకు పెట్టను. నువ్వు గూటి దగ్గరికొస్తే నీ కళ్ళు పొడుస్తాను. నా ముక్కు చాలకపోతే బాబాయ్ ముక్కుంది, చాలా పొడుగు."

వీర్రాజు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆయన పక్కన చిన్న కొంగలు, వాటి కాళ్ళ మధ్య పీతలు. ఎవరూ పిలవలేదు. వచ్చి నిలబడ్డారంతే.

బుల్లబ్బాయి ఆ ముక్కులన్నిటినీ ఒకసారి చూశాడు. కుంటుకుంటూ దిబ్బ దిగి, పల్లె వైపు పోయాడు. కొన్నాళ్ళకి కాలు వాపు తగ్గింది కానీ, వంకర మిగిలిపోయింది. మడ బురదలో దిగితే ఆ కాలు పైకి రాదు. చివరికి పల్లె బయట ఎండు చేపల తలకాయలు పారబోసే చోట, తను తరిమానని చెప్పుకున్న కుక్కల మధ్యే, వాటి తర్వాత మిగిలింది ఏరుకు తింటూ బతికాడు. ఎవరైనా "అటు మంచి ఎముక ఉంది" అని నిజంగా చెప్పినా, నమ్మక ఇటు తిరిగేవాడట.

ఆయన కుంటుకుంటూ వెళ్ళిన సాయంత్రమే పోటు వచ్చి గుంట నిండింది. టేకు చేప ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. కొత్త నీటితో పాటు నాలిక చేపలు కూడా ఒకటీ రెండూ లోపలికొచ్చాయి. ఆదెమ్మ నీళ్ళలో దిగి, ఇంకా వణుకుతున్న పాదాన్ని ఇసుక మీద పెట్టింది. ఆడించే అవసరం కూడా రాలేదు, ఆ వణుకుకే ఇసుక కింద చేప కదిలింది.

అందరినీ అబద్ధంతో బెదిరించి బతికేవాడికి, నిజం ఎదురుగా నిలబడి చెప్పినా వినపడదు.