లేని జట్టు లాగిన మోకు

కుప్పసానికి నలభై రెండేళ్ళు. ఎవరి మాట వింటున్నా తమలపాకుల తొడిమలు గిల్లుతూనే ఉంటుంది. రాజుగారికి ఆకు చుట్టి ఇవ్వడం ఆమె కొలువు.

ఆ ఏడు రాజుగారికి వెండి అంబారీ మీదికి మనసు పోయింది. ఖజానా చాలలేదు.

"దుబారా తగ్గించండి" అన్నాడు రాజు, మంత్రి నాగదేవయ్యతో.

మంత్రి రాజ్యమంతా గాలించి ఒకే ఒక్క దుబారాని పట్టుకున్నాడు. రాజ విద్యాశాలలో పోటీలకి మోకు లాగే ఆడపిల్లల జట్టు. ఎనిమిది మంది. జట్టులో ఉన్నందుకే వాళ్ళకి అక్కడ తిండీ, చదువూ. జట్టు పోతే ఇంటిదారే. మగపిల్లల జట్టుకి మాత్రం రోజూ గిన్నెడు నెయ్యి అలాగే ఉంచాడు. దాని నాయకుడు మంత్రిగారి కొడుకు.

"మోకు లాగితే ఆడపిల్లల చేతులు కాయలు కాస్తాయి ప్రభూ. వాళ్ళ మేలు కోరే రద్దు చేశాను."

"బావిలో నీళ్ళు తోడితే కాయవా మంత్రిగారూ?" అంది కుప్పసాని.

"నువ్వు ఆకుల సంగతి చూసుకో."

ఆ సాయంత్రం జట్టు నాయకురాలు వీరక్క మూట పట్టుకుని వచ్చింది.

"రేపే పొమ్మన్నారు అత్తా. ఇంకో ఏడాది ఉంటే గణితం పూర్తయ్యేది."

"రేపు మోకు లాగి పోదువుగాని. పిల్లలందర్నీ ఆపు."

మర్నాడు రాజుగారి పుట్టినరోజు. ఏటా ఆ రోజున మగపిల్లల జట్టు కోట భటులతో మోకు లాగుతుంది. నడుమ తెర కడతారు. ఓడేవాళ్ళ ముఖం రాజు కంట పడితే అశుభమని మంత్రిగారు పెట్టిన ఆచారం. అసలు సంగతేమిటంటే, మంత్రి కొడుకుని ఓడించే ధైర్యం లేక భటులు మూడో లాగుకి తెర వెనక మోకు వదిలేస్తారు. ఇది రాజుకి తప్ప కోటలో అందరికీ తెలుసు. మడమలు నేలకి తన్ని నిలబడాలని ఆ కుర్రాళ్ళకి ఎవరూ నేర్పలేదు. అవసరం పడలేదు.

కుప్పసాని భటుల నాయకుణ్ణి కలిసింది.

"రేపు మీ చోట వేరేవాళ్ళు నిలబడతారు."

"సంతోషం అక్కా. ఓడి ఓడి చిరాకేసింది."

పోటీ మొదలైంది. "నెయ్యి ఎక్కడికి పోయిందో చూడండి ప్రభూ" అన్నాడు మంత్రి, కుర్రాళ్ళ కండలు చూపిస్తూ.

ఒక లాగు. రెండో లాగు. మూడో లాగుకి అవతల ఎవరూ మోకు వదల్లేదు. కుర్రాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. నాలుగో లాగుకి ఎనిమిది మందీ బోర్లా పడి, తెరని కూడా ఊడబెరుక్కుంటూ అవతలికి జారిపోయారు.

అక్కడ వీరక్క, మిగతా ఏడుగురూ మోకు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మంత్రి ముఖం కందిపోయింది.

"ఇది మోసం ప్రభూ. ఆ జట్టు నిన్ననే రద్దయింది. అసలు అలాంటి జట్టే లేదు."

కుప్పసాని ముందుకొచ్చింది.

"నిజమే ప్రభూ, లేదు. మరి లేని జట్టు చేతిలో ఓడిపోయిన జట్టుకి నెయ్యి దేనికి?"

రాజు నోట్లో ఆకు పొలమారింది. దగ్గుతూనే నవ్వాడు. సభంతా నవ్వింది, భటులు అందరికంటే గట్టిగా. రద్దు ఉత్తర్వుని రాజు అక్కడే చింపేసి, నెయ్యి గిన్నెల్ని ఆడపిల్లల పంక్తికి పంపమన్నాడు. వేలి ఉంగరం తీసి కుప్పసానికి ఇచ్చాడు.

మరుసటి ఏడు ఆమె ఆ ఉంగరం అమ్మి, కొలువు మానేసి, అక్షరాలు దిద్దుకోవడానికి విద్యాశాలలో చేరింది.