ఇది పోతోంది

బోడిగురువుకు ఒక దురలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు. చేతికి ఏదో ఒక పని అంటగడతాడు. దేవుడున్నాడా అని అడిగినవాడి చేత పెరడంతా తవ్వించాడు. చావంటే ఏమిటని అడిగినవాడికి అంట్లగిన్నెలు చూపించాడు. "ఆయన దగ్గర చదువు అబ్బదు గాని ఒళ్ళు మాత్రం బాగా వంగుతుంది" అని మెట్లపురిలో నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీండి. నేను చెప్పబోయేది నవ్వే సంగతి కాదు.

మెట్లపురి కొండవాలులో మూడంచెలుగా కట్టిన ఊరు. పై అంచెలో ఈకలవాళ్ళు ఉంటారు. వాళ్ళ మెడ చుట్టూ తెల్లటి ఈకలు మొలుస్తాయి. తీర్పులూ మంత్రాలూ వాళ్ళవి. నడిమి అంచె కొమ్ములవాళ్ళది. కాపలా, కొట్లు, కొరడా వాళ్ళ చేతిలో ఉంటాయి. అడుగున వాగు ఒడ్డున మట్టివాళ్ళు. వాళ్ళ ఒళ్ళు నిజంగానే మట్టి. ఎండ తగిలితే బీటలు వారుతుంది, అందుకని తడిగుడ్డ కప్పుకొని తిరుగుతారు. మిగిలిన చాకిరీ అంతా వాళ్ళదే. మన గురువు పుట్టుకతో కొమ్ములవాడు. ఎందుకో గాని నడివయసులో తన కొమ్ములు తానే రంపంతో కోసేసుకున్నాడు. ఆ పేరు అలా వచ్చింది.

మట్టివాళ్ళు పైవాళ్ళ ఎదుట "నేను" అనకూడదు. "ఇది" అనాలి. "ఇది వచ్చింది దొరా", "దీనికి జ్వరంగా ఉంది దొరా", ఇలాగన్నమాట. తమవాళ్ళలో ఇంకొకరి సంగతి చెప్పవలసివస్తే "అది" అనాలి తప్ప వాడనీ ఆయననీ అనకూడదు. ఇక "మనిషి" అనే మాట పై రెండంచెలవాళ్ళకే చెల్లుతుంది. మట్టివాళ్ళు ఆ మాట తమవాళ్ళకు వాడితే నాలుక మీద కాలిన ఇనుము పెడతారు. మరి వాళ్ళకు పేర్లు లేవా అంటే ఎందుకు లేవు, ఉన్నాయి. తలుపులు వేసుకున్నాక, ఇంట్లో.

గురువు దగ్గర మయూఖుడని ఈకలవాళ్ళ పిల్లవాడు చదువుకుంటున్నాడు. పిల్లవాడంటే పెళ్ళీడు వచ్చినవాడే. ఒకనాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"గురువుగారూ, కింద కొందరు 'ఇది' అనే మాట ఎత్తేయాలని గోల చేస్తున్నారు. ఒక్క మాట కోసం ఇంత రచ్చ అవసరమా? వాళ్ళకు తిండికి లోటు లేదు, ఊరికే కొట్టేవాడూ లేడు. నన్ను పెంచిన దాది మట్టివాళ్ళావిడే. 'ఇది నీకు పాట పాడుతుంది, పడుకో నాన్నా' అనేది. ఆవిడ ముఖంలో నాకే బాధా కనబడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా. అణకువగా ఒక మాట అంటే ఎవరికేం నష్టం?"

వాడు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టేసి నేనూ ఊరుకునేవాణ్ణి.

గురువు గోడకు వేలాడుతున్న బుట్ట తీసి వాడి చేతికిచ్చాడు. "నూకలు నిండుకున్నాయి. పద, పాతర దగ్గరికి వెళ్ళొద్దాం" అన్నాడు.

మెట్లపురి ధాన్యమంతా నడిమి అంచెలో, రాతిలోకి తొలిచిన పాతరల్లో దాస్తారు. బావి అంత లోతు, మూతి మాత్రం ఒక్కరు దూరేంత. చాలాకాలం మూసి ఉంచితే లోపల గాలి చెడిపోతుంది; దీపం దించితే ఆరిపోతుంది. కొమ్ములవాళ్ళు దిగితే వెంటనే కళ్ళు తిరిగి పడిపోతారు. మట్టివాళ్ళు ఇంకాసేపు ఓర్చుకుంటారు. ఆ కాస్త ఓర్పే వాళ్ళ కొంప ముంచింది. ఓర్చుకుంటారు కదా అని ప్రతిసారీ వాళ్ళనే దించుతారు.

ఆనాడు పాతర దగ్గర ఒకటే హడావిడి. వానలకు ఊటనీరు దిగి పక్క పాతరలో గింజంతా ముక్కిపోయింది. దీన్నయినా దక్కించుకోకపోతే పైవాళ్ళు తోలు ఒలుస్తారని పాతరల నాయకుడు కొమ్మన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లోపల ఒక మట్టివాడు గంపలకు గింజ ఎత్తుతున్నాడు. పైన నలుగురు కొమ్ములవాళ్ళు తాళ్ళు లాగుతున్నారు. కొంచెం ఎడంగా అతని భార్య కూర్చుని ఉంది. మొగుడు పైకి రాగానే ఒంటి మీద కప్పడానికి తడిగుడ్డ ఒళ్ళో పెట్టుకుంది.

గురుశిష్యులింకా మెట్ల మీద ఉండగానే పాతరలోంచి కేక వినబడింది.

"దొరా! ఇది పోతోంది! దొరా, ఇది పోతోంది!"

గురువుకు చెవుడు. "ఏమంటున్నారు నాయనా?" అని అడిగాడు.

"గింజ పోతోందట గురువుగారూ. ఇందులోకీ తడి దిగినట్టుంది, పాపం" అన్నాడు మయూఖుడు.

కొమ్మనకూ అలాగే వినబడింది. వాడి బుర్రలో గింజ తప్ప మరొకటి ఉంటే కదా! "అయ్యో, ఇదీ పోతోందిరా! ఉన్న గంపలన్నీ దించండి! ఒరే లోపలున్నవాడా, చేతులాడించరా, దక్కినంత దక్కించు!" అని గావుకేకలు పెట్టాడు. లోపలివాడు పోతోంది, పోతోందని అరిచినకొద్దీ పైనుంచి గంపలు దిగాయి. పైకి లాగవలసిన తాడుకు ఖాళీ గంప కట్టి అతని నెత్తిమీదికే వదిలారు.

భార్యకు మాత్రం మొదటి కేకకే అర్థమైంది. పరుగున వచ్చింది.

"గింజ కాదు దొరా! లోపలిది పోతోంది దొరా!"

"లోపలిది పోతోందనే కదే నా ఏడుపూ! అడ్డు లే!"

"అది కాదు దొరా... దీనిది... దీనిది దొరా..." నోట్లో మాట కోసం వెతుక్కుంది. మొగుణ్ణి మొగుడని చెప్పడానికి పైవాళ్ళ ఎదుట ఆవిడకు ఒక్క మాట ఇచ్చి ఉంటే గదా! పాతరలో కేక సన్నబడింది. ఆవిడ కొమ్మన కాళ్ళు చుట్టేసుకుని గొంతు చించుకొని అరిచింది.

"లోపల మనిషి ఉన్నాడు! మనిషి చచ్చిపోతున్నాడు!"

తాళ్ళు లాగే చేతులు టక్కున ఆగాయి. కొమ్మన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"మనిషా? ఎవర్రా పడిపోయింది? గండనా!"

"ఉన్నా."

"నూకనా! కాచనా!"

"ఇక్కడే ఉన్నాం."

నాలుగోవాణ్ణి పిలవబోయి, వాడు తన పక్కనే తాడు పట్టుకుని ఉండడం చూశాడు. "అందరూ ఉన్నారు గదే! మరి మనిషెవరే?" అని ఆవిడనే అడిగాడు. కొమ్మనను నేను వెనకేసుకు రావడం లేదు గాని, ఉన్నమాట చెప్పాలి: వాడు వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. నాకు ఒళ్ళు మండేదీ అక్కడే.

గురువుకు మాటలు వినబడకపోయినా ఆవిడ ముఖం కనబడింది. చేతికర్ర పారేసి దూకినట్టు మెట్లు దిగాడు. "తాడు దించండిరా దౌర్భాగ్యుల్లారా! గంప కాదు, కొక్కెం కట్టండి! వాణ్ణి తీయండి!" అన్నాడు. దించారు. లాగారు. మట్టివాడు పైకి వచ్చేసరికి గింజల దుమ్ము అతని కళ్ళ మీద పేరుకుని ఉంది. ఆ కళ్ళు దుమ్ముకు మూతపడలేదు. ఆవిడ తడిగుడ్డ తెచ్చి ఆ ఒంటి మీద కప్పి, బీటలు వారిన చోటల్లా అద్దుతూ కూర్చుంది.

అంతటితో అయిపోయిందా? చట్టం మిగిలే ఉంది. మనిషి పోయిన పాతరను ఏడాదిపాటు మూసేయాలి, పోయినవాడి పేరు రాతి మీద చెక్కి మూతి దగ్గర నిలబెట్టాలి. అది ఆ ఊరి ఆచారం. మట్టివాళ్ళు పోతే ఆచారమూ లేదు, రాయీ లేదు; పక్కకు లాగి పని సాగిస్తారు. అయితే ఆవిడ నలుగురి ముందూ ఆ మాట అంది. "అన్న నోటికి శిక్ష, అన్న మాటకు విచారణ" అని మెట్లపురిలో పాత సూత్రం ఒకటుంది. ఆమె ఆ మాట అన్నదని తేలితే నాలుక కాలుస్తారు. కాల్చాక, పాతరలో ఉన్నది మనిషేనా కాదా అని పై అంచె పెద్దలు కూర్చుని తేల్చాలి. అలాంటి విచారణ ఆ ఊళ్ళో ఎన్నడూ జరగలేదు, ఎందుకంటే ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

కొమ్మన చెమటలు తుడుచుకుంటూ మయూఖుడి దగ్గరికి వచ్చాడు. ఈకలవాళ్ళు సాక్ష్యం చెబితే దానికి ఇక ఎదురు లేదు.

"బాబుగారూ, తమరు విన్నారా? ఇది ఆ మాట అందా?"

మయూఖుడు నోరు తెరిచేలోపే ఆవిడ లేచి నిలబడింది. "అంది దొరా. ఇది అంది. కాల్చండి. కాల్చి, రాయి నిలబెట్టండి" అంది.

మయూఖుడు ఆవిడ నోటికేసి చూశాడు. ఎర్రగా కాలిన ఇనుము కళ్ళముందు మెదిలింది. తనకు పాట పాడిన దాది గుర్తుకొచ్చింది కాబోలు, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"లేదు. ఈవిడ ఏమీ అనలేదు. దుఃఖంలో ఏదో అంటోంది. నేను విన్నాను కదా, ఆ మాట అననేలేదు" అన్నాడు.

కొమ్మనకు ప్రాణం లేచొచ్చింది. "బతికిపోయావే! బాబుగారు ధర్మప్రభువులు, కాళ్ళకు మొక్కు!" అన్నాడు. ఆవిడ మొక్కింది. మొక్కి లేచి, మయూఖుడి ముఖంలోకి ఒకసారి చూసింది. వాగు ఒడ్డునుంచి ఇద్దరు మట్టివాళ్ళొచ్చి శవాన్ని మోసుకుపోతే వెనకే వెళ్ళింది. గండన ఇంకో మట్టివాణ్ణి పిలుచుకొచ్చాడు. గంపలు మళ్ళీ దిగాయి. నూకలు బుట్టనిండా పోసి ఇచ్చారు, కొమ్మన కొసరు కూడా వేయించాడు.

ఇద్దరూ మళ్ళీ మెట్లెక్కారు. సగం దారిలో మయూఖుడు బుట్ట దించాడు.

"గురువుగారూ, ఆవిడ నాలుక కాపాడాను. నేను చేసింది తప్పా?"

గురువు ఆయాసం తీర్చుకోవడానికి మెట్టు మీద కూర్చున్నాడు.

"తప్పని ఎవరన్నారు నాయనా? మొదటిసారి పాతరలో వాణ్ణి తెలియక వదిలేశాం. రెండోసారి సాక్ష్యంలో జాలిపడి వదిలేశాం."