ఆకుమడి తొక్కని పరాసు దొర

శ్రావణ శుద్ధ ఏకాదశి, శనివారం, పొద్దు బారెడెక్కిన వేళ. ఏ ఏడంటే చెప్పగలిగినవాళ్ళు లేరు. గోదావరి పాయ మీద ఒక్క వంతెనైనా లేని రోజులు, ఉప్పు పడవలే ఊళ్ళకు కబుర్లు మోసుకొచ్చే రోజులు. తిథినీ వేళనూ మాత్రం అచ్చియమ్మ ఇంటి ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు దాచుకుంటూ వచ్చారు.

ఆ వేళకు అచ్చియమ్మ, వరి నారు పోసిన తన ఆకుమడి ముందు చేతులు చాచి నిలబడి ఉంది. ఒక చేతిలో పూజకు పెట్టుకున్న తులసి నీళ్ళ చెంబు అలాగే ఉంది. వెనక కోడలు నూకాలు. ఎదురుగా మూడు వందల మంది పరాసు సిపాయిలు. సముద్రం దాటొచ్చిన ఫ్రెంచివాళ్ళను అప్పట్లో పరాసులనేవారు.

ఆ ఏడు ఊళ్ళో మూడుసార్లు విత్తనం చల్లారు. మొదటిది వరదకు పోయింది. రెండోది ఇంగిలీసు దండు గుర్రాలు మేశాయి. మూడోది, ఇంటింటా పిడికెడు పిడికెడు పోగుచేసి అచ్చియమ్మ మడిలో చల్లిన ఆఖరి గింజ. రేపు ఆకు తీసి చేలల్లో ఊడవాలి. ఇవాళ తొక్కితే ఊరికి గంజి లేదు.

పరాసులకు మాత్రం వేరే దారేదీ? ఏటి ఒడ్డున వాళ్ళ సగం దండు ఇంగిలీసువాళ్ళ మధ్య చిక్కింది. ఏట్లోకి సముద్రపు పోటు ఎక్కేలోగా చేరాలి. మడికి అడ్డం పడి పోతే తాటితోపు చాటు. చుట్టూ పోతే బోదె గట్టు, అదే పంట కాలవ గట్టు. అవతల దిబ్బ మీది ఇంగిలీసు తుపాకులకు ఆ గట్టు అరచేతిలా కనపడుతుంది.

ముందు దుబాసీ వరదప్ప వచ్చాడు. దొరల మాట మనకూ మన మాట దొరలకూ చెప్పేవాడు.

"తప్పుకోవే ముసలీ! దండు ఆగిపోయింది, నీ గడ్డి కోసం."

"గడ్డా నాయనా? మూడు పూటలా నువ్వు తింటున్నది ఈ గడ్డే. మడి తొక్కకండి."

తరవాత కత్తి దూసి ఒక చిన్న దొర వచ్చాడు. నూకాలు అత్త కొంగు పట్టుకుంది. "అత్తా, వచ్చెయ్యి. నరికేస్తాడు!"

"నరికితే నేనొక్కదాన్ని. తొక్కితే ఊరంతా. మడి తొక్కకండి నాయనా."

మూడోసారి పెద్ద దొరే గుర్రం దిగి వచ్చాడు. బెల్మారు దొర. తెల్ల ఈక టోపీ, కళ్ళకింద నలుపు. ఆయన్ను చూసి అచ్చియమ్మ గొంతు తగ్గింది. చేతులు మాత్రం దించలేదు.

"మడి తొక్కకండి నాయనా."

దొర ఆ చేతులనే చాలాసేపు చూశాడు. తరవాత మెల్లగా ఏదో చెప్పాడు. దుబాసీ తల దించుకుని చెప్పుకొచ్చాడు.

"దొరగారూ సేద్యం చేసుకునే కాపు బిడ్డేనటమ్మా. వాళ్ళ ఊళ్ళోనూ ఒక దండు చేలో పడితే వాళ్ళమ్మ ఇలాగే చేతులు చాచిందట. ఎవరూ ఆగలేదట. ఆ చలికాలం ముగ్గురన్నదమ్ముల్లో ఇద్దరు ఆకలికి పోయారట. డప్పు కొట్టేవాడికి దండులో కూడు పెడతారని ఈయన డప్పు పట్టాడట. డప్పు నుంచి కత్తి, కత్తి నుంచి ఈ ఈక టోపీ."

"అయ్యో నా తండ్రీ!" అంది అచ్చియమ్మ.

దొర బోదె వైపు చెయ్యి చూపి లోతెంతని అడిగాడు.

"నడుము లోతు. వంగి నడిస్తే గట్టు చాటున కనపడరు," అంది నూకాలు.

చిన్న దొర ఒప్పుకోలేదు. ఉన్నట్టుండి దండు మాయమైతే దిబ్బ మీదివాళ్ళు బోదెలోనే వెతుకుతారన్నాడు.

"అయితే ఒకడు కనపడాలి," అన్నాడు దొర.

గట్టు బురదగా ఉంది. దొర బూట్లు విప్పి అచ్చియమ్మ ముందు పెట్టాడు. వచ్చి తీసుకుంటానని సైగ చేశాడు. సిపాయిలు తుపాకులు నెత్తిన పెట్టుకుని బోదెలో దిగారు. దొర ఒక్కడే ఉత్త కాళ్ళతో గట్టెక్కి, ఊరేగింపులో నడిచినట్టు నడిచాడు. ఇటు మడి, అటు బోదె, నడుమ తెల్ల ఈక.

మొదటి గుండు తాటాకుల్లో పడింది. రెండోది ఈకను ఎగరగొట్టింది. నూకాలు కళ్ళు మూసుకుంది. మూడోది గుండెల్లో తగిలింది. మడి మీదికి ఒరిగినవాడు, చెయ్యి గట్టుకు ఆనించి, బోదె వైపు తిరిగి పడ్డాడని చెబుతారు. అప్పటికే సిపాయిలు తాటితోపు చాటుకు వెళ్ళిపోయారు. పోటు ఎక్కకముందే ఒడ్డు చేరి తమవాళ్ళను విడిపించుకున్నారు.

అచ్చియమ్మ పరుగెత్తి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. "నీ దేవుణ్ణి తలుచుకో నాయనా," అని చెంబులోని తులసి నీళ్ళు నోట్లో పోసింది. రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్క పెదవి మీదే నిలిచిపోయింది.

సాయంత్రం సిపాయిలు వచ్చి ఆయన పడ్డ చోటే, గట్టు వెడల్పైన మలుపులో, పూడ్చిపెట్టారు. బూట్లు అచ్చియమ్మ దగ్గరే ఉండిపోయాయి.

ఇప్పటికీ ఆ గట్టు మీద చెప్పులు వేసుకుని ఎవరూ నడవరు. ఆ ఇంటి ఆడవాళ్ళు, ఊడ్పుల తొలిరోజున, ఆ మరునాడు అచ్చియమ్మ చేసినట్టే చేస్తారు.

మరునాడు ద్వాదశి. ఏకాదశి ఉపవాసం విడిచే పారణకు వంట చేసి పెట్టుకుని కూడా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు. తెల్లారేసరికి అత్తా కోడలూ మడిలో దిగారు. తీసిన తొలి ఆకుకట్టను అచ్చియమ్మ గట్టెక్కి ఆ మట్టి మీద పెట్టింది. పక్కనే బూట్లు పెట్టింది.

"మడి పచ్చగా ఉంది నాయనా," అని చెప్పింది.

ఆ తరవాతే ఇంటికొచ్చి అన్నం తిన్నారు.